కదిలితే తుడిచేస్తారట

కదలకూడదు. ముక్కు కొసన దురద పుడుతోంది, పుట్టనీ, దాని మొహం, పలకరించని ఇంట్లో చుట్టం ఎంతసేపు కూర్చుంటాడు, అదే పోతుంది. ఎదురుగా, నా మంచానికీ బీరువాకీ నడుమ, మూడు కాళ్ల స్టాండు మీద ఆ మిషన్ మొదలైంది. టిఫిన్ డబ్బా అంత తల దానికి. లోపల ఒక అద్దం గిర్రున తిరుగుతూ సన్నగా కూస్తోంది, తల మాత్రం ఏ తొందరా లేకుండా ఎడమ నుంచి కుడికి జరుగుతోంది. గోడల్నీ పైకప్పునీ ఈ గుండ్రటి కిటికీనీ చుక్కలు చుక్కలుగా కొలిచి కంప్యూటర్లోకి పంపుతుందట. భవనం మొత్తంలో ఈ గదే అందమైనదట, అందుకని దీనికి మాత్రం గంట పడుతుందట, అడుగేస్తే చెక్క నేల ఊగుతుంది కాబట్టి ఈ గంటసేపూ పై అంతస్తులో పురుగు కూడా తిరగకూడదట. అందర్నీ కిందికి తోలారు. స్నానాల గదిలో ఉన్న నన్ను ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టరని నాకు తెలుసు, తెలిసే వెళ్లి గడియ పెట్టుకుని కూర్చున్నాను. వాళ్ల చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయాక మెల్లగా వచ్చి నా కుర్చీలో నేను కూర్చున్నాను. చేతులు ఒళ్లో, వీపు నిటారుగా, చూపు తలుపు మీద. కదిలేవాళ్లని ఈ మిషన్ నమ్మదు, కదలకుండా ఉంటే గోడతో సమానంగా చూస్తుంది. ఆ సంగతి చెప్పింది కూడా వాళ్ల మనిషే. సరే, గోడలాగే ఉంటాను, ఇన్నేళ్లూ ఈ గోడలతో కాపురం చేసినదాన్ని, ఆ మాత్రం రాదా నాకు.

పోయిన నెల వచ్చినప్పుడు ఈ తెలివి లేకపోయింది. అబ్బో, ఎంత మర్యాద చేశాను వెధవలకి! మంచం అడ్డమన్నారు, మంచం వరండాలోకి లాగాను. బట్టల తాడు బాగోలేదన్నారు, తాడు విప్పాను. గిన్నెలు, కిరోసిన్ స్టవ్, చెప్పులు, మందుల డబ్బా, అన్నీ నా చేతులతో నేనే మోసి బయట పెట్టి, చీపురు పెట్టి ఊడ్చి మరీ గది వాళ్లకి అప్పజెప్పాను. అది చాలక టీ పెట్టి, పంచదార ఎంత వెయ్యమంటారు నాయనా అని ఒక్కొక్కడి దగ్గరికీ వెళ్లి అడిగాను. నా గొయ్యి నేనే తవ్వుకోవడమంటే ఇదే కాబోలు, అందులో టీలు కూడా పోసుకుంటూ. తర్వాత ఆ మిషన్ పిల్ల, అంటే ఈ డబ్బాని భుజాన మోసుకు తిరిగే అమ్మాయి, మనిషి మంచిదే, నోట్లో చూయింగ్ గమ్ ఒక్కటే ఆగదు, కంప్యూటర్ తిప్పి నాకు చూపించింది. గది ఉంది, కిటికీ ఉంది, గది నడుమ మాత్రం ఆవిరి తేలుతున్నట్టు ఏదో చుక్కల మసక. "ఇదేంటమ్మాయ్?" అన్నాను. "అది మీరేనండీ, టీ ఇస్తూ తిరిగారుగా. కదిలితే అలాగే వస్తుంది. దీన్ని నాయిస్ అంటాం మేము," అంది. "నాయిస్ అంటే చప్పుడు కదే?" అన్నాను. "అంటే... అక్కర్లేనిది అని అండీ," అంటూనే వేలితో నా చుట్టూ ఒక గీత గీసి ఒక్క నొక్కు నొక్కింది. పోయాను. నా టీ తాగిన నోటితోనే, నవ్వుతూ, నన్ను తుడిచేసింది. పాపం దానికి అందులో తప్పేమీ కనిపించలేదు, అద్దం మీద ధూళి తుడిచినట్టే ఉంది దాని మొహం.

టైపు నేర్పి బతికినదాన్ని నేను. మా మిషన్ మీద తప్పు కొడితే ఆ తప్పు కాగితం మీదే ఉండేది. రబ్బరు పెట్టి గోకితే మచ్చ, తెల్ల రంగు పూస్తే బొప్పి, వెనక్కి తిప్పి వేలితో రాస్తే అక్షరం తగిలేది. కొట్టేముందు ఆలోచించవే అని ఎంతమంది ఆడపిల్లల వేళ్ల మీద స్కేలుతో కొట్టానో. మీటల మీద గుడ్డ కప్పేసి, వీపు నిటారుగా, మణికట్లు పైకి, చూపు కాగితం మీద, కదిలారంటే చూడండి అని గంటలు గంటలు కూర్చోబెట్టేదాన్ని. నన్ను రాక్షసి అనుకునేవాళ్లు, అనుకోనీ, ఉద్యోగాలు వచ్చాక స్వీట్లు పట్టుకుని ఆ రాక్షసి దగ్గరికే వచ్చేవాళ్లు. వీళ్లు తప్పు చేస్తే మచ్చ కూడా మిగలదు. అదీ గొప్పే అని చెప్పుకుంటారు సిగ్గులేకుండా.

వీళ్లందరికీ పెద్ద ఎవరంటే మా చెల్లెలి కొడుకు. చిట్టిగాడు. బయట వాడి హోదా చెప్పడానికి రెండు ఊపిర్లు కావాలి, నేను మాత్రం చిట్టిగాడనే అంటాను. పాడుబడ్డ పాత భవనాలని కంప్యూటర్లోకి ఎక్కించి, అక్కడ తళతళలాడేలా బాగుచేసి, ఆ బొమ్మ చూపించి డబ్బున్నవాళ్లచేత హోటళ్లు పెట్టించడం వాడి పని. పాడుబడ్డ భవనమట! నేను పొద్దున్నే లేచి వరండా ఊడుస్తూ, నా గదిలో దీపం వెలిగించుకుంటూ ఉంటే పాడుబడ్డది ఎలా అయిందిరా అని అడిగాను. "టెక్నికల్‌గా పాడుబడ్డదే పెద్దమ్మా," అన్నాడు. వాడి టెక్నికల్ తగలెయ్య. దీనికి కంప్యూటర్లో డిజిటల్ కవల పుడుతుందట. కవలలంటే ఇద్దరూ ఒక తల్లికి పుట్టాలి కదరా, ఇదెక్కడి కవల, పెద్దదాన్ని చంపి దాని చీర కట్టుకుని తిరిగే చిన్నది. మొన్నొకరోజు కళ్లకి నల్లటి బుర్రలాంటి కంప్యూటర్ కళ్లజోడు ఒకటి తగిలించి చూడు పెద్దమ్మా, చూడు అని నన్ను గదిలో గిరగిరా తిప్పాడు. చూశాను. నా గదే. గోడకి పెచ్చులు లేవు, కిటికీకి రంగు అద్దాలు పెట్టారు, పైకప్పు చెక్కలు నూనె పూసినట్టు మెరుస్తున్నాయి. నా మంచం ఉండేచోట తెల్లటి స్నానాల తొట్టి. పడకగదిలో తొట్టి ఏమిట్రా, బుద్ధుందా? ఆ కిటికీ దగ్గర, సరిగ్గా నేను ఇప్పుడు కూర్చున్నచోట, ఒక ఆడమనిషి కాఫీ కప్పు పట్టుకుని వీధిలోకి చూస్తోంది. నడుము చూస్తే రెండు పిడికిళ్లలో పడుతుంది. ఎవరిదిరా ఆ పిల్ల అంటే, ఎవరూ కాదు పెద్దమ్మా, ఉత్త బొమ్మ, గది నిండుగా కనిపించాలని పెట్టాం అన్నాడు. గది నిండుగా కనిపించాలట. ఉన్న మనిషిని తుడిచి, లేని మనిషిని దించారు. నాకు అప్పుడు ఒళ్లు మండింది చూడండి, ఆ బుర్ర పీకి వాడి చేతిలో పెట్టి గదిలోకి వచ్చి తలుపేసుకున్నాను.

రూలు ఉంది. అది కూడా మిషన్ పిల్లే నోరు జారింది. ఇలాంటి పాత భవనాన్ని రికార్డు తీసేనాటికి అందులో ఎవరైనా ఉంటుంటే, బాగుచేశాక వాళ్లకి అందులోనే చోటివ్వాలట, అనుమతి ఇచ్చే పెద్దాఫీసరు ఆ రికార్డు చూసే సంతకం పెడతాడట. మా చిట్టిగాడు 'పై అంతస్తు ఖాళీ' అని రాసిచ్చాడు. సాక్ష్యం ఏమిటంటే నేను ఊడ్చి ఇచ్చిన గది బొమ్మ! నిలదీస్తే, "నేనేం చెయ్యను పెద్దమ్మా, రికార్డులో నువ్వు పడలేదు, సిస్టమ్ అలా ఉంది," అని గోడవైపు చూస్తూ చెప్పాడు. పడలేదా? పడతానురా. ఏవో మూలలు సరిగ్గా రాలేదని ఇవాళ మళ్లీ తీస్తున్నారు, ఆఫీసరు కింద హాల్లో కూర్చుని తెర మీద చూస్తాడు, ఈసారి ఏదీ బయట పెట్టనన్నాను, మంచం ఇక్కడే ఉంది, స్టవ్ ఇక్కడే ఉంది, నా టైపు మిషన్ ఇక్కడే ఉంది, తాడు మీద లంగా కూడా ఆరేశాను, సిగ్గేమిటి, నేనూ ఇక్కడే ఉన్నాను. ఈ గది పోతే నాకు ఇంకో గది లేదు. చెల్లెలి ఇంట్లో బట్టలుతికే మిషన్ పక్కన ఒక మంచం పడుతుందట, అది గది కాదు, సామాను పెట్టుకునే చోటు. నేను సామాను కాదు.

మిషన్ తల బీరువా దాకా వచ్చింది. ఎంతైందో తెలియదు, గడియారం నా వెనక ఉంది. ఎడమ కాలు తిమ్మిరెక్కుతోంది. ఈ గోడకి అవతల నర్సు ఉండేది, డ్యూటీ నుంచి రాగానే బకెట్లో కాళ్లు పెట్టుకుని వరండాలో కూర్చుని, ఇవాళ ముగ్గురు పుట్టారక్కా, ఒకడు మాత్రం డాక్టరు మొహం మీదే పోశాడు అని పడీపడీ నవ్వేది. ఆ చివర బ్యాంకు క్లర్కు, స్నానం చేసినంతసేపూ పాడేది, పాటలో రెండే ముక్కలు వచ్చు దానికి, మిగతాదంతా లాలాలా. వార్డెన్ తాళాల గుత్తి చప్పుడు వినపడగానే ఎవరి గదిలో వాళ్లం దొంగ నిద్రలు. ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ల హాస్టల్ ఇది. మీ వాళ్లెవరూ లేరా అని అడగని చోటు ఊళ్లో ఇదొక్కటే. పెళ్లిళ్లయి కొందరు, ట్రాన్స్‌ఫర్లయి కొందరు, ఒళ్లు బాగోక కొందరు, ఒక్కొక్క గదికీ తాళం పడుతూ వచ్చింది, ఓనరు పోయాడు, పిల్లలు కొట్టుకున్నారు, వార్డెన్ కూడా తాళాల గుత్తి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. నేను ఎందుకు పోలేదంటే, ఎందుకు పోవాలి? నాకు ఇక్కడ బాగుంది. పొద్దున ఈ కిటికీలోంచి ఎండ గుండ్రంగా వచ్చి నా దుప్పటి మీద పడుతుంది. ఇంత సింపుల్ సంగతి అర్థం కావడానికి ఏ మిషన్ కావాలి?

అదిగో, టేబుల్ మీద ఫోన్ మోగుతోంది. చిట్టిగాడే. ఆఫీసరు ముందే వచ్చేసుంటాడు, పెద్దమ్మా కాసేపు పార్కులో కూర్చోవా అని చెప్పడానికి. ఆఫీసరుకి నేను కనిపిస్తే వాడికి నామోషీ. మళ్లీ. మళ్లీ. ఇప్పుడు మా చెల్లెలు, దాని ఫోన్‌కి వేరే మోత ఉంటుంది. అక్కా వాడి పరువు తియ్యకే, వాడు ఎంత కష్టపడి పైకొచ్చాడో నీకు తెలియదా అంటుంది. తెలియదు మరి! పుట్టిన దగ్గర్నుంచి సెలవులొస్తే తెచ్చి నా దగ్గర పడేసి పోయేదానివి, వాడి ముక్కు తుడిచింది ఎవరు, నా ఒళ్లో కూర్చుని మీటల మీద రెండు చేతులూ వేసి ధనధనా కొడుతుంటే రిబ్బను పాడైపోతుందిరా అంటూనే ఇంకో కాగితం ఎక్కించింది ఎవరు? హాస్టల్లో మగపురుగు అడుగు పెట్టకూడదని రూలు, వార్డెన్ కాళ్లావేళ్లా పడి వాడికి మినహాయింపు తెచ్చాను. నర్సు వాడికి స్టెతస్కోపు ఇస్తే ఈ గోడలన్నిటికీ పెట్టి విన్నాడు. గోడకి గుండె లేదు పెద్దమ్మా అని ఏడ్చాడు. అంత మెత్తటి వెధవ. ఏ మాయదారి చదువులో వాడిని ఇలా తయారుచేశాయి. పోయిన వారం రంగురంగుల పుస్తకం ఒకటి తెచ్చి పెట్టాడు, పెద్దవాళ్లు ఉండే చోటట. ప్రతి పేజీలోనూ ముసలివాళ్లు పళ్లికిలిస్తూ బంతులు పట్టుకున్నారు. బంతులతో నాకేం పనిరా, నా వయసుకి? నాకు కోపమొచ్చిందంటే వచ్చింది, దుఃఖం కూడా వచ్చింది, వాడు వెళ్లాక ఏడ్చాను, ఎవరికి చెప్పుకోను.

నేల ఊగింది. ఎవడో ఎక్కుతున్నాడు. మెత్తగా, ఆగి ఆగి, అడుగులో అడుగు వేసుకుంటూ. వాడే. బూట్లు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, ఒక మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు. ఇంత జీతం తెచ్చుకునేవాడికి మంచి మేజోళ్లు లేవా. నా చూపు వాడి చెవి పక్కన తలుపు చట్రం మీద ఉంది, అక్కడే ఉంచాను. రెప్పలు వాల్చలేదు. ముక్కు మూసుకుపోయి నోరు కొంచెం తెరుచుకుంది, మూయలేదు.

"పెద్దమ్మా," అన్నాడు గుసగుసగా. "ఏంటిది, మిషన్ తిరుగుతోంది, లే, బయటికి రా."

తిరుగుతోందనే కదరా కూర్చున్నాను.

"ఫోన్ ఎందుకెత్తవు? నీతోనే మాట్లాడుతున్నాను. ఇటు చూడు." గుమ్మంలోంచే మెడ సాచాడు. "పెద్దమ్మా?" ఈసారి గుసగుస కాదు. "పెద్దమ్మా!" ఇది వాడి ఉద్యోగం గొంతు కాదు, పాత గొంతు, అర్ధరాత్రి కలొచ్చి లేచినప్పటిది.

నేను పోయాననుకున్నాడు. నాకు ఆ ముక్క కాస్త ఆలస్యంగా వెలిగింది. వచ్చి ఒక్కసారి చెయ్యి పట్టుకుంటే తెలిసేది, వెచ్చగా ఉంది చెయ్యి. ముట్టుకోడు. గడప కూడా దాటలేదు. పెద్దమ్మ పోయిందనుకుంటూ కూడా, మిషన్ తిరుగుతోంది కాబట్టి, నేల ఊగుతుంది కాబట్టి, గడప అవతలే నిలబడి చూస్తున్నాడు! ఛీ, నీ బతుకు చెడ. అక్కణ్ణించే ఫోన్ తీశాడు. అవతల మిషన్ పిల్ల గొంతు, హాలంతా మోగుతోంది, అందరూ వినేలా స్పీకర్లో పెట్టినట్టుంది. "చెప్పండి సార్."

"పెద్దమ్మ... గదిలో, కుర్చీలో... చనిపోయింది."

"అయ్యయ్యో! మిషన్ ఆపేయనా సార్?"

నాకు తెలుసు ఏమంటాడో. ఆపెయ్, అన్నీ అయ్యాక ఖాళీ గది మళ్లీ తీద్దాం అంటాడు. అను, అనరా, అన్నావంటే లేచి చెంప పగలగొడతాను, గది పోతే పోనీ.

"ఆపొద్దు," అన్నాడు. "తుడవొద్దు. ఆవిణ్ణి అలాగే ఉంచు. ఈ గది ఆవిడదే. నేను పుట్టకముందు నుంచీ ఇక్కడే ఉంది. ఖాళీ అని రాసింది నేను. ఖాళీ కాదు. ఎప్పుడూ ఖాళీగా లేదు." తలుపు చట్రానికి వీపు ఆనించి జారి కూలబడ్డాడు, చిన్నప్పటిలా నోరంతా తెరిచి ఏడుస్తున్నాడు, ఏడుస్తూనే, "గదికి ఆవిడ పేరు పెడదాం. ఆ టైపు మిషన్ ఇక్కడే ఉంచుదాం, గోడ మీద పెద్ద ఫొటో పెడదాం. గెస్టులకి నచ్చుతుంది," అన్నాడు.

చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా! బతికున్న పెద్దమ్మకి బట్టలుతికే మిషన్ పక్కన మంచం, పోయిన పెద్దమ్మకి గది మొత్తం, గోడ మీద ఫొటో. నవ్వొచ్చింది, పొట్టలోనే తొక్కిపెట్టాను. నవ్వు వెనకాలే ఇంకోటి వచ్చింది, అది తొక్కిపెట్టడం కష్టమైంది. వాడి ఏడుపు దొంగ ఏడుపు కాదు. అబద్ధమెందుకు, నా గుండె నీరైపోయింది. ఈ మెడ ఒకటి, నా మాట వినకుండా వాడివైపు తిరగబోతోంది. ఒరేయ్ చిట్టీ, ఉన్నానురా అనాలి. కానీ మిషన్ తల సరిగ్గా ఇప్పుడే కిటికీ వైపు తిరిగింది, అద్దం నా మొహం మీద ఉంది, ఇప్పుడు తిరిగానా, మళ్లీ ఆవిరి. కళ్లెదుట బతికున్న మనిషి కోసం వాడు పొర్లి ఏడుస్తున్నాడు, నేను ఏడవనిస్తున్నాను. ఏడవనీ. నా కోసం ఎవరేడుస్తారని ఎన్ని రాత్రులు లెక్కలు వేసుకున్నానో, ఇలా చూడటం ఎంతమందికి దొరుకుతుంది. ఇంకాస్త ఏడవరా నాయనా, నాకు బాగుంది.

మిషన్ కూత ఆగింది. తల నిలిచింది. పీక్‌మని ఒక చప్పుడు చేసి ఆకుపచ్చ దీపం వెలిగించుకుంది.

"అయిందా?" అన్నాను.

వాడు కెవ్వుమన్నాడు. చేతిలో బూట్లు ఎగిరి ఒకటి వరండాలో పడింది. నన్ను చూశాడు. ఆ మొహంలో ముందు వచ్చింది సంతోషమే, ఒప్పుకుంటాను, కాదనను. నేను ఉన్నందుకు ఒక మనిషి మొహం అలా వెలగడం చూసి ఎన్నేళ్లయిందో. ఒక్క గుక్క నీళ్లు తాగినంతసేపు ఉంది ఆ వెలుగు. తర్వాత చేతిలో ఫోన్ గుర్తొచ్చింది వాడికి.

"సార్, ఆవిడ చాలా క్లియర్‌గా పడ్డారు సార్," అంటోంది మిషన్ పిల్ల, ముక్కు ఎగబీలుస్తూ. "కళ్లజోడు తాడు కూడా కనిపిస్తోంది."

వెంటనే ఇంకో గొంతు, బరువుగా, తొందరేమీ లేకుండా. ఆఫీసరు. "ఏమయ్యా, ఆ గదిలో ఎవరో మొదట్నుంచీ ఉంటున్నారన్నావు ఇందాక. ఇప్పుడేదో కేక వినిపించింది, ఇంతకీ ఆవిడ పోయారా, ఉన్నారా? సరిగ్గా చెప్పు, రాసుకోవాలి."

చిట్టిగాడు ఫోన్ మీద అరచెయ్యి మూసి నావైపు చూశాడు. "పెద్దమ్మా..." అన్నాడు. కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. ఆ తడి కళ్లతోనే నన్ను ఏదో బతిమాలుతున్నాడు. కాలు తిమ్మిరెక్కి లేవలేకపోయాను గానీ లేకపోతే ఆ ఫోన్ లాక్కుందును. "చెప్పరా," అన్నాను.

"హలో," అంటున్నాడు ఆఫీసరు. "హలో, ఉన్నారా?"

వాడు అరచెయ్యి తీశాడు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. పోయానని చెప్పడానికి రెప్పపాటు పట్టలేదు వెధవకి. ఉన్నానని చెప్పడానికి నోరు రావడం లేదు.